భీముడి ముద్ద కింద నాలుగో చోటు

మా సూరమ్మత్తకి ఎనభై దాటాయి. అరసవల్లిలో మరిది కూతురి ఇంట్లో ఉంటోంది. ఫోన్లో మాట్లాడటం ఆవిడకి నచ్చదు. అవతలివాళ్ళకి వినిపించేదాకా అరుస్తుంది, వినిపించిందని తెలియగానే పెట్టేస్తుంది. అలాంటి మనిషి మొన్న మాఘమాసంలో ఓ పొద్దున్న తనే ఫోన్ చేసి, "ఒసే పైడీ, మన ముద్దకొండ ఫోన్లోకి వచ్చీసినాదే! ఎవుడో కుర్రోడు భీముడి ముద్దని వీపుతో తోస్తన్నట్టు ఫొటో దిగినాడు. నువ్వు రా, నన్నక్కడికి తీసుకెళ్ళు" అని పెట్టేసింది. ఎందుకు, ఎప్పుడు అని అడిగే సందు ఇవ్వలేదు. నేను విజయనగరంలో ఉంటాను, బడిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. నా మోకాళ్ళే నా మాట వినని రోజుల్లో ఈవిడ కొండెక్కుతానంటుంది. అయినా కాదనలేకపోయాను. ఆ కొండ మీది రాయి విషయంలో అత్తకి చెప్పకుండా నేను దాచింది ఒకటుంది. పన్నెండేళ్ళప్పుడు దాచాను, యాభై ఏళ్ళు దాటినా అది నాలోనే ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే చెప్పుకోడానికి అత్త ఉండదేమోనని భయం పట్టుకుంది.

మా ఊరు నెల్లిమర్లకి దగ్గర. ఊరి వెనక ఉన్నదాన్ని కొండ అనటం మా మర్యాద, బయటివాళ్ళు చూస్తే గుట్ట అంటారు. దాని నెత్తిన ఏటవాలుగా ఒక పరుపుబండ, ఆ బండ మీద మా పెంకుటిల్లంత రాయి. పైన బొద్దుగా, కింద సన్నగా ఉంటుంది. పడమటి వైపు నుంచి చూస్తే ఈ నిమిషమో మరు నిమిషమో దొర్లేలా కనిపిస్తుంది. తూర్పు నుంచి చూస్తే హాయిగా కూర్చున్నట్టే ఉంటుంది. రాయికీ బండకీ మధ్య సందు ఉంది. కొన్నిచోట్ల అందులో అరచెయ్యి దూరుతుంది, కొన్నిచోట్ల గాలి తప్ప ఏదీ దూరదు. ఒక పక్కన వంగి చూస్తే రెండో పక్క వెలుతురు కనిపించేది. చిన్నప్పుడు నేను బండ మీద బోర్లా పడుకుని ఆ వెలుతురు వైపు గంటలు గంటలు చూసేదాన్ని. ఇంత రాయి ఎక్కడ ఆనుకుందో కనిపించదేమిటి అన్నది నా ధ్యాస. నేను సైన్సు టీచర్నయింది ఆ బండ మీదే అనుకుంటాను.

అది భీముడి ముద్ద. పాండవులు అడవుల్లో తిరిగేటప్పుడు మా కొండ మీద వంట చేసుకున్నారట. కుంతమ్మ వండినదాంట్లో సగం అందరికీ, సగం భీముడికి. ఆయన ముద్ద కలిపి నోట్లో పెట్టుకోబోయేసరికి దిగువన ఏదో ఊళ్ళో ఏడుపు వినిపించిందట. ముద్దని బండ మీద పెట్టి, వచ్చి తింటానని చెప్పి దిగి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ముద్ద రాయైపోయి ఇంకా ఆయన కోసం కాచుకుని ఉంది. ఏడ్చిందెవరన్న దగ్గర ఊరు ఊరంతా వేరువేరుగా చెప్పేది. నాయనమ్మ ఒక తల్లి అనేది, ఎదురింటివాళ్ళు ఆవు అనేవాళ్ళు. వనవాసానికి కుంతి వెళ్ళలేదు కదా అని బడిలో చదువుకున్నాక నాయనమ్మని నిలదీశాను. "అడివికి ఎల్లకపోతే పోయింది. మన కొండకొచ్చినప్పుడు ఉన్నాది" అని ఆ విషయం అక్కడితో తేల్చేసింది. నాకు మాత్రం అన్నిటికన్నా పెద్ద అనుమానం, భీముడంతటివాడు కలిపిన ముద్ద వదిలి ఎలా వెళ్ళాడని.

ఆయన వచ్చేదాకా ముద్ద దొర్లిపోకుండా చూడాలి కదా, అందుకని మా చుట్టుపక్కల ఆడవాళ్ళకి ఒక అలవాటు. మనసులో ఏదైనా కోరిక ఉంటే, గుప్పెట్లో పట్టే రాయి ఒకటి తెచ్చి ఆ సందులో దోపుతారు. దాన్ని ఊతరాయి అంటారు. ముద్దకి నువ్వు ఊతమిచ్చావు కాబట్టి భీముడు నీకు ఊతమిస్తాడని నమ్మకం. పిల్లల కోసం, మొగుడి జబ్బు కోసం, తప్పిపోయిన గేదె కోసం కూడా పెట్టేవాళ్ళు. నెల తిరిగేసరికి సందు చుట్టూ పళ్ళవరస పెట్టినట్టు రాళ్ళు ఉండేవి.

మా తాత వాటిని తీసి పారేసేవాడు. ఇది దొంగతనంగా చేసే పని కాదు, అలాగని చాటుకునే పనీ కాదు. తాత మామూలు రైతు, వరీ గోగూ వేసేవాడు. మా ఇంటి పొద్దు నెల్లిమర్ల జనపనార మిల్లు కూతతో మొదలయ్యేది. కూత వినిపించేసరికి తాత చోడి అంబలి తాగి, ఉల్లిపాయ కొరికి, మీసం తుడుచుకుని గుమ్మంలో నిలబడేవాడు. గోగు ఊరబెట్టిన గుంటల నుంచి వచ్చే కుళ్ళు వాసన మా ఊరంతా అలుముకుని ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, మాకది ఆకలి పుట్టించేది. ఎందుకంటే గోగు నార తీసే రోజుల్లోనే ఇంట్లో చేపల పులుసు తరచుగా ఉండేది. ప్రతి అమావాస్య మర్నాడు తాత పొలానికి వెళ్ళకుండా కొండ వైపు తిరిగేవాడు. చేతిలో ఒక ఇనప చువ్వ, చెవి సందున కొబ్బరీనె, రొంటిన దారపుండ. నాయనమ్మ వెనక నుంచి, "అందరి కోరికలూ పెరకడానికి బయల్దేరినావేటి?" అనేది. తాత తిరిగి చూసేవాడు కాదు.

నాకు ఎనిమిదేళ్ళు వచ్చాక దారం రెండో కొస పట్టుకునే పని నాకిచ్చాడు. ఆ పని ఇద్దరు మనుషులు లేనిదే సాగదు. ముందు కొబ్బరీనె కొసకి దారం కట్టి సందులోంచి అవతలికి తోసేవాడు. అవతల నేను అందుకోవాలి. తర్వాత ఇద్దరం రెండు కొసలూ బిగించి పట్టుకుని, రాయి చుట్టూ మెల్లగా జరుగుతూ, దారాన్ని సందంతా తిప్పేవాళ్ళం. రాయి బండకి ఆనిన చోట దారం ఆగుతుంది. తీసి, అవతల నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అలా మూడుచోట్ల ఆగాలి. మూడే. పురికొస లావు, అది పనికిరాదు. పొందూరు నుంచి సూరమ్మత్త పంపిన సన్ననూలు ఉండాలి. "మూడు కాళ్ళ పీట ఎక్కడేసినా కుదురుగా కూసుంటాది. నాలుగో కాలు పెట్టినావా, లొడలొడ" అని తాత చెప్పేవాడు. ఊతరాయి ఉంటే మంచిదే కదా అంటే, "ఎండకి రాయి ఉబ్బుతాది, సల్లబడితే తగ్గుతాది. తగ్గినప్పుడు సిన్నరాయి లోపలికి జారతాది. మళ్ళీ ఉబ్బినప్పుడు ఈ మహానుబావుడు దానిమీద కెక్కుతాడు. అలగ ఏటేటా ఎత్తుకుంటూ పోతే ఓ రోజు మనింటి మీదకే దిగుతాడు" అన్నాడు. చదువుకోని మనిషి ఆ లెక్క ఎలా కట్టాడా అని నేను టీచరయ్యాక చాలాసార్లు ఆశ్చర్యపోయాను. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడట, ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలియదు.

సూరమ్మత్త మా నాన్నకి చెల్లెలు. పదిహేడేళ్ళకి పొందూరు ఇచ్చారు. వాళ్ళింట్లో ఆడవాళ్ళందరూ నూలు వడికేవాళ్ళు. ఏడాదికొకసారి విజయనగరం సిరిమాను పండక్కి పుట్టింటికి వచ్చేది. వచ్చినా చేతులు ఖాళీగా ఉండేవి కావు. మూటలోంచి వాలుగ చేప దవడ తీసి, దాని సన్నటి పళ్ళతో పత్తి దువ్వుతూ కబుర్లు చెప్పేది. ఎండిన ఎముక పళ్ళ మీద పత్తి సర్రుమని జారే ఆ చప్పుడు, ఆవిడ కొంగుకి అంటుకున్న పత్తిగింజల వాసన నాకు ఇప్పటికీ తెలుసు. ఇంట్లో అందరికన్నా నాకు ఆవిడే ఇష్టం. నవ్వితే ఒళ్ళంతా కదిలేలా నవ్వేది. ఒక ఏడు మాత్రం వచ్చినప్పటి నుంచీ నవ్వలేదు. పెళ్ళై పదకొండేళ్ళయినా కడుపు పండలేదు, మావయ్యకి మరో సంబంధం చూస్తామని అత్తవారింట్లో మాటలు మొదలయ్యాయి. వంటింట్లో నాయనమ్మతో చెబుతుంటే గుమ్మం పక్కన నేను విన్నాను. "నన్నెల్లిపొమ్మనరు. ఉండమంటారు. అదే నేను పడలేనమ్మా" అంది అత్త.

ఆ పండగ వెళ్ళాక, అత్త పొందూరు వెళ్ళిన రెండో రోజున తాత నన్ను కొండకి తీసుకెళ్ళాడు. దారం మూడుచోట్ల ఆగింది. నాలుగోచోట కూడా ఆగింది. తాత చువ్వ పెట్టి కెలికి, చెయ్యి దూర్చి బయటికి లాగాడు. కోడిగుడ్డంత నల్లరాయి. దాని చుట్టూ సన్ననూలు వరసగా, ఒత్తుగా చుట్టి ఉంది. అలాంటి నూలు మా ఊళ్ళో ఎవరూ వడకరు. తాత దాన్ని అరచేతిలో పెట్టుకుని బండ మీద కూలబడ్డాడు. నాకు విషయం అర్థమయ్యి, "తాతా, ఇది మళ్ళీ పెట్టీద్దాం. ఇదొక్కటే కదా" అన్నాను. తాత ఆ నూలు చుట్లని బొటనవేలితో తడిమాడు. తర్వాత, "అందరియీ తీసినాను. నా కూతురిది ఉంచితే రాయి ఊరుకుంటాదేటి?" అన్నాడు. లేచి, కండువాతో ముఖం తుడుచుకుని, "ఈ మాట నీ నోట్లోంచి రాకూడదు పైడీ" అన్నాడు. ఆ రాయి రొంటిన పెట్టుకున్నాడు. తర్వాత దాన్ని ఏం చేశాడో నాకు తెలియదు.

ఆ తర్వాత నేను దారం పట్టుకోలేదు. ఒక నెల కడుపునొప్పన్నాను, ఒక నెల పరీక్షలన్నాను. తాత బలవంతపెట్టలేదు. తిడుతూ తిడుతూనే నాయనమ్మ వెళ్ళి రెండో కొస పట్టుకునేది. నాకు మాత్రం అత్త వచ్చిన ప్రతిసారీ ఆవిడ పొట్ట వైపు చూడటం అలవాటైంది. ఆ ఏడు లేదు, పై ఏడు లేదు. మావయ్య మంచివాడు, మరో పెళ్ళికి ససేమిరా అన్నాడు. మరిది పిల్లల్నే అత్త పెంచింది. కానీ ఎవరి పిల్లలకో నూనె రాస్తూ, జడలు వేస్తూ ఆవిడ కనిపించినప్పుడల్లా, నేను ఆ దారం పట్టుకోకపోతే ఈవిడ ఒళ్ళో ఈవిడ బిడ్డే ఉండేదేమో అనిపించేది. పెద్దయ్యాక ఇది తెలివితక్కువని నాకు తెలియదా? తెలుసు. వందల మంది పిల్లలకి కారణం వేరు, కాకతాళీయం వేరు అని బోర్డు మీద రాసి చెప్పినదాన్ని. చెప్పినంత మాత్రాన లోపలున్న పన్నెండేళ్ళ పిల్ల వినదు.

అత్తని ఎక్కించుకుని బయల్దేరిన కారు కొండ సగం దాకా వెళ్ళింది. ఇప్పుడు అంతవరకూ సిమెంటు రోడ్డు, పైకి మెట్లు, ఇనప కమ్మీలు. కింద కూల్‌డ్రింకుల బడ్డీ, పుచ్చకాయ ముక్కలు, ఫొటో తీస్తామనే కుర్రాళ్ళు. గోగు గుంటలు ఎప్పుడో పూడ్చేశారు, గాలిలో మొక్కజొన్న పొత్తులు కాల్చే వాసన. అత్త పది మెట్లకొకసారి కూర్చుని, "ఇన్ని మెట్లు ఎందుకే, మా కాలంలో ఒక్కటీ లేదు, ఎక్కీసీవోళ్ళం" అని మెట్ల మీదే నేరం వేసింది. పైకి చేరేసరికి నాకే ఆయాసం ఎక్కువగా ఉంది. ముద్ద అలాగే ఉంది. చుట్టూ కమ్మీ కట్టారు గానీ తూర్పు వైపు ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. ఆ ఖాళీలోంచి వంగి చూశాను. అవతలి వెలుతురు లేదు. సందంతా రాళ్ళే. తాత పోయాక నలభై ఏళ్ళకి పైగా ఎవరూ తీయలేదు. అయినా ముద్ద పడలేదు. తాత లెక్క తప్పేమో అని మొదటిసారి అనిపించింది. తప్పు కాకపోవచ్చు కూడా, రాతికి మనలా తొందర ఉండదు కదా. దారం ఉంటే ఇప్పుడు ఎన్నిచోట్ల ఆగుతుందో చూడాలని వేళ్ళు ఊరికే కదిలాయి.

అప్పుడే ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదు ఉంటాయేమో, ఎర్ర చీర, చేతిలో రాయి. భర్త కాబోలు, దూరంగా నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియక తడుముకుంటోంది. అత్త లేచి వెళ్ళింది. "ఇలా రా అమ్మా. ఇక్కడ ఎట్టు. మరీ లోపలికి తొయ్యకు. ఆఁ, అంతే. ఇప్పుడు కోరుకో" అని ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుని చూపించింది. అమ్మాయి కళ్ళు మూసుకుంది. తెరిచాక అత్త కాళ్ళకి దణ్ణం పెట్టి, భర్తతో కలిసి మెట్లవైపు నడిచింది. నేను నోరు తెరుచుకుని చూశాను. తాత కూతురు ఊతరాయి పెట్టించటమా!

ఇంక ఆగలేకపోయాను. బండ మీద ఆవిడ పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. దారం ఆగిన సంగతి, నూలు చుట్టిన రాయి, తాత అన్న మాట, నేను దాచటం, ఆవిడ పొట్ట వైపు చూస్తూ పెరగటం. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. అరవై దాటిన మనిషిని, అంతమంది ఫొటోలు దిగేచోట అలా ఏడవటం ఏమిటని సిగ్గుపడుతూనే ఏడ్చాను.

అత్త ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. "ఒసే పిచ్చిదానా, నీకంటే ముందు ఆ కొస పట్టుకున్నది ఎవులనుకున్నావే? పెళ్ళయీదాకా నేనే కదేటి!"

అది నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"అయ్య తీసీస్తాడని నాకు తెల్దేటి? తెలిసే ఎట్టినాను. నూలు ఎందుకు సుట్టినాననుకున్నావు? నాదని అయ్యకి తెలియాలని. నోటితో ఎలా సెప్తాను, నాకు పిల్లల్లేరు, సచ్చిపోతన్నాను అని తండ్రితో? ఆ రాయి సూస్తే తెలుస్తాది కదా." కొంగు సర్దుకుని, "పై ఏడు వచ్చి తడిమి సూసినాను, లేదు. మళ్ళీ ఎట్టినాను. మళ్ళీ తీసినాడు. అలగ ఆరేళ్ళు. ఎట్టడం నా పని, తియ్యడం ఆయన పని. ఒక్కనాడూ ఆయన అడగలేదు, నేను సెప్పలేదు. అయ్య సెయ్యి లోపలికి పెట్టడానికి తేళ్ళకి బయపడీవోడు, అందుకని అందీకాడే ఎట్టీదాన్ని."

"తీసేస్తాడని తెలిసీ ఎందుకత్తా?"

"ఎట్టినప్పుడు కోరుకుంటాం కదే. కోరుకోడానికి ఒక సోటు ఉండాల కదా. తరవాత రాయి అక్కడ ఉంటేనేటి, లేకపోతేనేటి."

నేను కళ్ళు తుడుచుకున్నాను. యాభై ఏళ్ళ బరువు ఒక్క నవ్వుతో దిగిపోయిందే అని తేలికపడుతున్నాను. టీచరు బుద్ధి కదా, వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది. "ఆరేళ్ళేనా? తర్వాత మానేశావేం?"

అత్త రాయి వైపు చూసింది. "ఏడో ఏడు కూడా వచ్చినాను. అప్పటికి అయ్య పోయి మూడు నెల్లు. రాయి తెచ్చినాను. నూలు సుట్టుకునే తెచ్చినాను. ఇక్కడే కూకున్నాను. ఎట్టబోయి సెయ్యి ఆపీసినాను. ఎడితే ఉండిపోద్ది కదే, తీసీవోడు లేడు. ముద్ద ఎక్కడ దిగిపోతాదో అని బతికినన్నాళ్ళూ బెంగెట్టుకున్నోడు ఆయన. ఆయన పోగానే నేనే దాని కింద రాయి దోపనా? పట్టుకుని దిగీసినాను. మరి ఎట్టలేదు."

"అప్పటికి నీ వయసెంతత్తా?"

"ముప్పై నాలుగో, అయిదో."

"ఇంకా పిల్లలు పుట్టే వయసే."

"అవును" అంది అత్త.

ఆ మాట మామూలుగానే అంది. నేనే దాని దగ్గర ఆగిపోయాను. తాత తన కూతురి కోరికని తన చేత్తో తీశాడని ఇన్నాళ్ళూ తాత మీద జాలిపడ్డాను, అత్త మీద జాలిపడ్డాను, అన్నిటికన్నా ఎక్కువగా నా మీద జాలిపడ్డాను. ఆ ఏడో ఏటి రాయిని మాత్రం ఎవరూ తీయలేదు. ఆవిడే పెట్టలేదు. రాళ్ళన్నీ నింపుకుని కూడా ముద్ద ఇన్నేళ్ళూ కదలకుండా నిలబడే ఉంది కదా అని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం లేక మానేశాను.

అత్త లేచి, కమ్మీ ఖాళీలో చతికిలబడి కూర్చుని, మోచేతి దాకా కొంగు దోపుకుంది. చెయ్యి సందులోకి పెట్టబోయి నా వైపు తిరిగింది.

"ఆ ఎర్ర సీర దిగీసినాదేటి సూడు. అది సూస్తుండగా తియ్యకూడదు."

నేను కమ్మీ పట్టుకుని కిందకి చూశాను. అమ్మాయి ఇంకా సగం మెట్ల మీదే ఉంది. భర్త ఏదో అన్నట్టున్నాడు, ఆగి వెనక్కి తిరిగి కొండ మీదకి చూస్తోంది.

"ఇంకా లేదత్తా" అన్నాను.

"అయితే ఆగుదాం" అంది అత్త.